మంచాన పడితే పింఛను, దారి తప్పితే?

కిందటేడు గుంటూరు బ్రాడీపేటలో మా పెద్దమ్మ వాళ్లింటికి ఆశా కార్యకర్త వచ్చింది. బీపీ, షుగర్ సర్వే. ముప్పై దాటిన వాళ్లందరినీ అడిగే ప్రశ్నల ఫారం ఒకటి ఆమె దగ్గర ఉంటుంది. అరవై దాటిన వాళ్లకి చివర్లో ఇంకొన్ని ఎక్కువ. వాటిలో ఒకటి ఇది: దగ్గరివాళ్ల పేర్లు గానీ, మీ ఇంటి అడ్రస్ గానీ మర్చిపోతున్నారా?

"నాకేం మతిమరుపమ్మా, లేదు" అంది పెద్దమ్మ ఠక్కున. ఆ వెంటనే "ఇంతకీ నువ్వు ఎవరమ్మాయివి?" అని మూడోసారి అడిగింది. అడ్రస్ చెప్పమంటే తెనాలి మారీసుపేటలో ఇంటి నంబరు గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆ ఇల్లు అమ్మి ముప్పై ఏళ్లు దాటింది. కుక్కర్ విజిల్ చూసుకుని వదిన బయటికొచ్చేసరికి సర్వే అమ్మాయి పక్కింటికి వెళ్లిపోయింది. ఫారంలో "లేదు" దగ్గర టిక్కు పడింది.

ఆ ఫారం కేంద్ర ఆరోగ్య శాఖది. "అవును" అన్నవాళ్లని డాక్టరున్న దగ్గర్లోని ఆసుపత్రికి పంపాలని అందులోనే ఉంది. కాబట్టి మన ప్రభుత్వాలకు డిమెన్షియా సంగతే తెలియదనడం అన్యాయం. వెతికితే ఈ జబ్బుకు ఎంతో కొంత పనికొచ్చే పథకాలు, చట్టాలు అరడజను పైనే కనిపిస్తాయి. ఏడాదిగా వదినతో పాటు నేనూ ఆ కాగితాల వెంట తిరుగుతున్నాను. నాకు అర్థమైనంతలో ఇవన్నీ వేరేవాళ్ల కొలతలకు కుట్టిన చొక్కాలు. డిమెన్షియాకు తొడిగితే ఒకటి చేతుల దగ్గర పొట్టి, ఇంకొకటి మెడ దగ్గర బిగువు. దేనికి ఎక్కడ బిగుస్తుందో విడదీసి చెప్పడానికే ఇదంతా.

ముందు జబ్బు సంగతి

మతిమరుపు వేరు, డిమెన్షియా వేరు. కళ్లజోడు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం అందరికీ ఉండేదే. కళ్లజోడు చేత్తో పట్టుకుని ఇది దేనికి అనుకుంటే అది వేరే సంగతి. జ్ఞాపకం, మాట, దారి, డబ్బు లెక్క, ఎదుటివాళ్లతో ఎలా ఉండాలన్న తెలివి, వీటిలో ఒకటికి మించి దెబ్బతిని, రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేని స్థితికి వస్తే దాన్ని డిమెన్షియా అంటారు. అల్జీమర్స్ అందులో ఎక్కువమందికి వచ్చే రకం. మెదడులో చిన్న చిన్న రక్తనాళాలు పూడుకుపోవడం వల్ల వచ్చేది ఇంకో రకం. మన దగ్గర బీపీని ఏళ్ల తరబడి వదిలేసేవాళ్లు ఎక్కువ కాబట్టి ఆ రెండో రకాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

దేశంలో అరవై దాటిన వాళ్లలో వందకు 7.4 మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అచ్చయిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో, పట్నాలకంటే పల్లెల్లో, చదువుకున్న వాళ్లకంటే చదువుకోని వాళ్లలో ఎక్కువ. ఇది డబ్బున్నవాళ్ల జబ్బు, అమెరికాలో పిల్లలున్న వాళ్ల జబ్బు అని విజయవాడ అపార్ట్‌మెంట్లలో ఒక నమ్మకం ఉంది. లెక్కలు చూస్తే పల్లెటూళ్లో ఉన్న చదువురాని అవ్వకే ముప్పు ఎక్కువ. ఆమెకు పేరు పెట్టి చెప్పేవాళ్లు లేరంతే.

పేరంటే గుర్తొచ్చింది. జపాన్‌లో ఈ జబ్బుకున్న పాత పేరు తెలివితక్కువతనం అన్న అర్థం వచ్చేలా ఉందని 2004లో ప్రభుత్వమే దాన్ని మార్చేసింది. మన పత్రికలు వాడే "చిత్తవైకల్యం" కూడా ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనలేని మాటే. "పెద్దమ్మకి చిత్తవైకల్యం" అంటే పెదనాన్న కర్ర తీసేవాడు. అందుకని అందరం "చాదస్తం" అంటాం, "వయసు మీద పడింది" అంటాం. డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన రెండు మూడేళ్లు ఈ మాటల్లో గడిచిపోతాయి.

చీటీ మీద పేరు రాయించుకోవడం

ఇకముందు చెప్పబోయేవన్నీ ఒక్క కాగితం మీద ఆధారపడి ఉంటాయి: జబ్బు పేరు, తేదీ, డాక్టర్ సంతకం ఉన్న కాగితం. అది సంపాదించడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. మొదట వెళ్లిన ఒక పెద్ద ఆసుపత్రిలో "వయసు కదండీ" అని టానిక్ రాసి పంపేశారు. ఫీజు మాత్రం వయసు చూసి తగ్గించలేదు.

సరైన పరీక్ష అంటే ఖరీదైన మెషీన్ అని భయపడక్కర్లేదు. ముందు ఇంట్లోవాళ్లతో తీరిగ్గా మాట్లాడాలి. తర్వాత పెద్దావిడతో ప్రశ్నలు, బొమ్మలు, మాటలు గుర్తుంచుకోవడం లాంటి పరీక్ష. బీ12, థైరాయిడ్ రక్త పరీక్షలు, తలకు సీటీ గానీ ఎంఆర్‌ఐ గానీ స్కాన్. రక్త పరీక్షలు ఎందుకంటే, డిమెన్షియాలా కనిపించేవన్నీ డిమెన్షియా కావు. బీ12 బాగా తగ్గినా, థైరాయిడ్ మందగించినా, డిప్రెషన్ ఉన్నా మనిషి అలాగే అయిపోతాడు. బాత్‌రూంలో జారిపడి తలకు తగిలిన చిన్న దెబ్బకి లోపల రక్తం మెల్లగా చేరినా అంతే. వీటికి వైద్యం ఉంది. "వయసు కదా" అని వదిలేస్తే నయమయ్యేదాన్ని కూడా నయం కానిదానిలో కలిపేసినట్టే. పరీక్షలన్నీ అయ్యాక డాక్టర్లు రాసే డోనెపెజిల్, మెమాంటిన్ లాంటి మాత్రలు జబ్బును పోగొట్టవు. కొందరిలో లక్షణాలను కొంతకాలం అదుపులో ఉంచుతాయి.

ఈ పరీక్షలు చేయించడానికి హైదరాబాదో చెన్నయో పరుగెత్తక్కర్లేదు. గుంటూరు జీజీహెచ్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితం చేసిన మంగళగిరి ఎయిమ్స్ అటు విజయవాడకీ ఇటు గుంటూరుకీ మధ్యలోనే ఉంది, పది రూపాయల ఓపీ చీటీతో చూస్తారు. టైము మాత్రం తీరిగ్గా పెట్టుకోవాలి. ప్రభుత్వ ఓపీలో ఒక్కో రోగికి దొరికేది నిమిషాలు. జ్ఞాపకశక్తి పరీక్షకు కావాల్సింది అంతకంటే చాలా ఎక్కువ.

పరీక్ష దగ్గరే ఇంకో ముడి ఉంది. ప్రపంచమంతా వాడే పాత ప్రశ్నపత్రాలు చదువుకున్న వాళ్ల కోసం తయారైనవి. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మనడం, ఒక వాక్యం రాయమనడం లాంటివి. పలక పట్టని అవ్వ వీటిలో తప్పితే జబ్బు వల్ల తప్పిందో, బడికి వెళ్లక తప్పిందో ఎలా తెలుస్తుంది? మా పెద్దమ్మ పరిస్థితి తిరగబడింది. ఆమె కిరాణా కొట్టు లెక్కలు చూసిన మనిషి. ఏడు ఏడు తీసెయ్యమంటే గడగడా తీసేసింది. ఏ సంవత్సరం అంటే 1984 అంది. ఈ చిక్కును గుర్తించి భారత వైద్య పరిశోధన మండలి హిందీ, బెంగాలీ, కన్నడం, మలయాళంతో పాటు తెలుగులో కూడా పరీక్షల పెట్టె ఒకటి తయారు చేయించింది. సర్కారు డబ్బుతో జరిగిన మంచి పని ఇది. జిల్లా ఆసుపత్రి ఓపీ బల్ల మీదకి అది ఇంకా మామూలు వస్తువుగా రాలేదు.

ఏ పథకం ఎక్కడిదాకా

అందరూ ముందు అడిగేది ఆరోగ్యశ్రీ. ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. 3,257 ప్రొసీజర్లు, కుటుంబానికి 25 లక్షల వరకు. వినడానికి ఘనంగా ఉంటుంది. "ప్రొసీజర్" అన్న మాట దగ్గర ఆగండి. ఆపరేషన్, స్టెంటు, ఆసుపత్రిలో చేరి తీసుకునే వైద్యం, వీటికి లెక్క కట్టే పద్ధతి అది. పెద్దమ్మ కాలుజారి తుంటి విరిగితే పథకం ఆదుకుంటుంది. ఆమె రాత్రి రెండింటికి లేచి గ్యాస్ వెలిగించకుండా ఎవరో మేలుకుని ఉండాలి చూడండి, అది ప్రొసీజర్ కాదు. డెబ్బై దాటిన వాళ్లకి ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన వయ వందన కార్డు, ఏడాదికి ఐదు లక్షలు, అదీ ఆసుపత్రి మంచానికే.

ఇక పింఛను. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకు నెలకు 4,000, దివ్యాంగులకు 6,000. పక్షవాతం లాంటివి వచ్చి మంచానికో వీల్‌ఛైర్‌కో పరిమితమైపోయిన వాళ్లకు 15,000. కిడ్నీ జబ్బులాంటి కొన్ని దీర్ఘవ్యాధులకు 10,000. ఒకటో తారీకు సచివాలయం వాళ్లు ఇంటికే తెచ్చిస్తారు. మంచాన పడ్డ మనిషి ఇంటికి ఎంత బరువో గుర్తించి పదిహేను వేలు పెట్టడం చాలా రాష్ట్రాలు చేయలేదు. కానీ ఆ వరసలో డిమెన్షియా పేరు లేదు. నడవలేని మనిషికి ఎంత సాయం కావాలో ప్రభుత్వానికి లెక్క తెలుసు. బాగా నడవగలిగి, ఎటు నడుస్తున్నాడో తెలియని మనిషికి ఎంత కావాలో ఆ లెక్కలోకి రాలేదు. నన్నడిగితే రెండోవాళ్లకే కాపలా ఎక్కువ కావాలి. మంచం మీద మనిషిని పడుకోబెట్టి వదిన పాలప్యాకెట్ తెచ్చుకోగలదు. గేటు తీసుకుని వెళ్లిపోయే మనిషిని వదిలి వీధి చివరిదాకా కూడా పోలేదు.

అయితే ఆరు వేల దివ్యాంగ పింఛనుకు ఒక దారి ఉంది. చాలామందికి తెలియదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. పార్కిన్సన్స్ పేరు ఉంది, డిమెన్షియా పేరు విడిగా లేదు. కానీ అందులో "మానసిక అనారోగ్యం" అన్నదానికి ఇచ్చిన నిర్వచనం చదివితే ఆలోచన, మనోస్థితితో పాటు జ్ఞాపకశక్తి, తానెక్కడున్నానో తెలుసుకునే తెలివి దెబ్బతినడం కూడా వస్తుంది. ఈ కేటగిరీలో వైకల్యాన్ని కొలిచే పద్ధతి తయారు చేసినప్పుడు డిమెన్షియాను కూడా లెక్కలోకి తీసుకునే చేశారు. సొంత పనులు చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట అర్థం చేసుకోవడం, చేసే పని, ఈ నాలుగింటికీ మార్కులు వేస్తారు. ఎన్నాళ్లుగా జబ్బు ఉందో దానికి ఇంకొన్ని. అంతా కలిపి వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి.

మన దగ్గర ఆ శాతం వేసి వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సర్కారు ఏర్పాటు పేరు సదరం. సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ బుక్ చేసుకుని, చెప్పిన రోజున చెప్పిన ఆసుపత్రికి మనిషిని తీసుకెళ్లాలి. చెప్పినంత తేలిక కాదు. కొత్త చోటు, జనం, క్యూ చూస్తే డిమెన్షియా మనిషి బెదిరిపోతుంది. లేదా దానికి పూర్తి వ్యతిరేకంగా, డాక్టర్ ఎదుట చక్కగా కూర్చుని "బాగున్నారా బాబూ, ఎక్కడ మీది?" అని పలకరిస్తుంది. మర్యాదలు చివరిదాకా మిగులుతాయి. పది నిమిషాలు చూసినవాళ్లకి ఈ ఇంట్లోవాళ్లు డబ్బు కోసం అబద్ధం చెబుతున్నారేమో అనిపిస్తుంది. 2025లో రాష్ట్రమంతా దివ్యాంగ పింఛన్లను మళ్లీ పరిశీలించాక ఆ అనుమానం ఇంకా పదునెక్కింది. దొంగ సర్టిఫికెట్లు ఏరెయ్యాల్సిందే. బయటికి కనపడని వైకల్యం ఉన్నవాళ్లకి మాత్రం అది అదనపు టెన్షన్.

ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు ఒక చిన్న ఊరట ఉంది. 1961 చట్టంలో 80డీడీబీగా ఉన్న నిబంధన కింద డిమెన్షియా వైద్యానికి మినహాయింపు దొరుకుతుంది, అరవై దాటిన రోగికైతే లక్ష దాకా. అక్కడా 40 శాతం వైకల్యం రాతపూర్వకంగా ఉండాలి, పాత పన్ను పద్ధతి ఎంచుకుని ఉండాలి.

డిమెన్షియా వాళ్ల కోసమే ఆశ్రమాలు నడిపే సంస్థలకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంట్లు ఇస్తుంది. ఇరవై మంది ఉండే హోమ్‌లకు. ఆ డబ్బు సంస్థకు వెళుతుంది, ఇంట్లో పెట్టుకుని చూసుకునే కోడలికి కాదు. మన దేశంలో ఈ రోగుల్లో ఎక్కువమంది ఉండేది ఇళ్లల్లోనే. ఫోన్ సాయం అయితే రెండు ఉన్నాయి: మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416, వృద్ధులకు ఎల్డర్ లైన్ 14567. రెండూ తెలుగులో మాట్లాడతాయి. వదిన ఒకసారి రాత్రిపూట 14416కి చేసింది. పెద్దమ్మ కోసం కాదు, తనకోసం. ఏడ్చి పెట్టేశానంది. ఆ మాటకొస్తే ఆమెకు ఏడాదిలో ఏ సర్కారు నుంచైనా అందిన సాయం అదొక్కటే.

సంతకం చెల్లని రోజు

పథకాల సంగతి అలా ఉంచితే, మా ఇంట్లో అసలు గొడవ బ్యాంకు దగ్గర వచ్చింది. పెదనాన్న పోయాక డిపాజిట్లన్నీ పెద్దమ్మ పేరు మీదే ఉన్నాయి. "జీపీఏ రాయించుకోండి, అయిపోతుంది" అని వీధిలో ప్రతివాళ్లూ సలహా. జీపీఏ అంటే మన బదులు సంతకం పెట్టే అధికారం ఇంకొకరికి రాసివ్వడం. అది చాలనుకోవడం పెద్ద అపోహ. 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం అధికారం ఇచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే ఆ అధికారమూ రద్దయిపోతుంది. అంటే సరిగ్గా అవసరం పడిన రోజునే అది చెల్లదు. కొన్ని దేశాల్లో మతి పోయాక కూడా నిలబడే పవరాఫ్ అటార్నీ ఉంది, మన చట్టంలో లేదు. 1987 మానసిక ఆరోగ్య చట్టంలో జిల్లా కోర్టు ద్వారా ఆస్తికి సంరక్షకుణ్ని పెట్టించుకునే వీలుండేది. 2017లో కొత్త చట్టం వచ్చినప్పుడు రోగి హక్కులకు పెద్దపీట వేశారు, మంచిదే. ఆస్తి సంరక్షకుడి అధ్యాయం మాత్రం కనిపించకుండా పోయింది. ఇప్పుడు చాలా కుటుంబాలు ఫిక్స్‌డ్ డిపాజిట్ విడిపించుకోవడానికి హైకోర్టులో రిట్ వేస్తున్నాయి. అమ్మ మందుల డబ్బు కోసం అమరావతిలో హైకోర్టు మెట్లు ఎక్కడం! జబ్బు తొలిదశలో ఉన్నప్పుడే, మనిషికి అర్థమయ్యే రోజుల్లోనే, ఖాతాలు జాయింటు చేయించి వీలునామా రాయించుకోవడం మామూలు కుటుంబాలకు మిగిలిన దారి. దానికి కూడా జబ్బును తొందరగా పసిగట్టాలి.

పరిశోధన ఖర్చు ఎవరిది

ఇందాక 88 లక్షలన్నానే, ఆ లెక్క తీసిన అధ్యయనంలో ఢిల్లీ ఎయిమ్స్ ఉంది, మన వైద్య సంస్థలు చాలా ఉన్నాయి. డబ్బులో ప్రధాన భాగం మాత్రం అమెరికా ప్రభుత్వపు వృద్ధాప్య పరిశోధన సంస్థది. మన అవ్వలు ఎంతమంది మర్చిపోతున్నారో లెక్కపెట్టడానికి అమెరికా వాళ్ల పన్ను డబ్బు కావాల్సివచ్చింది. బెంగళూరు ఐఐఎస్సీలో ఉన్న మెదడు పరిశోధన కేంద్రం కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో వేలమందిని ఏళ్ల తరబడి పరీక్షిస్తోంది. దానికి ఊతం ఇచ్చింది ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన క్రిస్ గోపాలకృష్ణన్ కుటుంబ ట్రస్టు.

తక్కువ డబ్బుతో మనవాళ్లు ఏం చేయగలరో చూడాలంటే హైదరాబాద్ నిమ్స్ మెమరీ క్లినిక్ చాలు. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం అక్కడికొచ్చిన 648 మంది రోగుల వివరాలు చూసి 2013లో ఒక సంగతి బయటపెట్టింది: రెండు భాషలు మాట్లాడేవాళ్లలో డిమెన్షియా లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురాని వాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ రెండూ నాలుక మీద ఆడే విజయవాడ వన్‌టౌన్ లాంటి చోట్ల మనం తేలిగ్గా తీసుకునే అలవాటు ప్రపంచ వైద్య పత్రికలకెక్కింది.

2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ ఇంకో మాట చెప్పింది. పద్నాలుగు కారణాలను అదుపు చేయగలిగితే ప్రపంచంలో డిమెన్షియాలో దాదాపు 45 శాతాన్ని ఆపడమో వాయిదా వేయడమో చేయొచ్చని. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగ, చదువు లేకపోవడం, ఒంటరితనం, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం అందులో ఉన్నాయి. ఇక్కడ మన ఆరోగ్య శాఖ తనకు తెలియకుండానే డిమెన్షియా పని చేస్తోంది. ఏఎన్ఎం చూసే ప్రతి బీపీ, ఉచితంగా చేసే ప్రతి శుక్లం ఆపరేషన్ ఆ ఖాతాలోకే వస్తాయి. చెవి మిషన్ దగ్గర మాత్రం మనకే నామోషీ. పెద్దమ్మ తన మిషన్‌ని పప్పుల డబ్బాలో దాచేసింది.

పక్కవాళ్లు ఏం చేస్తున్నారు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నూటికి డెబ్బై ఐదు దేశాలైనా డిమెన్షియాకు సొంత ప్రణాళిక వేసుకోవాలంది. గడువు 2025. అది తీరక 2031కి పొడిగించారు. భారత్‌కు విడిగా జాతీయ ప్రణాళిక ఇప్పటికీ లేదు. అమెరికాలో ఇందుకోసం 2011లోనే చట్టం వచ్చింది. 2024 జులైలో అక్కడ పెద్దవాళ్లకున్న ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఒక కొత్త ప్రయోగం మొదలుపెట్టింది. రోగిని చూసుకునే ఇంటిమనిషికి కాస్త ఊపిరి ఆడేలా, వేరేవాళ్లని కాసేపు కాపలా పెట్టుకోవడానికి అర్హులకు ఏడాదికి 2,500 డాలర్ల వరకు ఇస్తారు. డాలర్ల సంగతి పక్కన పెడితే, చూసుకునేవాళ్ల అలసటకు కూడా ఒక ధర ఉందని కాగితం మీద రాసుకున్నారు.

అంత దూరం ఎందుకు, కర్ణాటక 2022లో బెంగళూరులోని మెదడు, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌తో కలిసి మెదడు ఆరోగ్య క్లినిక్కులు మొదలుపెట్టింది. తొలి విడతలోనే మన సరిహద్దును ఆనుకున్న కోలారు, చిక్కబళ్లాపురం ఉన్నాయి. జిల్లా ఆసుపత్రి డాక్టర్లకే శిక్షణ ఇచ్చి, కష్టమైన కేసులకు బెంగళూరు నిపుణుల్ని ఫోన్‌లో అందుబాటులో ఉంచారు. కొత్త భవనాలు కట్టలేదు. గుంటూరు జీజీహెచ్, విజయవాడ జీజీహెచ్, మధ్యలో ఎయిమ్స్ ఉన్న మనకు అలాంటిది నిలబెట్టడం అసాధ్యమేమీ కాదు. మన ముఖ్యమంత్రి ఈ మధ్య జనాభా ముసలిదైపోతోందని, పిల్లల్ని కనమని తరచూ చెబుతున్నారు. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన కూడా 2024లో ఎత్తేశారు. ఇప్పుడు పుట్టే బిడ్డ చేతికందడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. పెద్దమ్మ ఈ రాత్రికి గేటు తీస్తుంది.

మాకు సదరం స్లాట్ వచ్చింది. డాక్టర్ ముందు పెద్దమ్మ మర్యాదలు ఒలకబోస్తుందని తెలుసు కాబట్టి వదిన రెండు నెలలుగా ఒక నోటుబుక్కులో తారీకు, టైము వేసి జరిగింది జరిగినట్టు రాస్తోంది. మొన్న ఆదివారం వెళ్లినప్పుడు చూశాను. చివరి పేజీలో ఇలా ఉంది: "మధ్యాహ్నం 3. కొత్త చీర కట్టుకుని, చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడ్డారు. తెనాలి బస్సు ఎన్నింటికి అని అడిగారు. నాలుగింటికి అని చెప్పి లోపలికి తెచ్చాను. 4కి మళ్లీ వెళ్లారు."